పలకనన్న పాట

"ఈ ఫైలును పలికించడం కుదరదు. ఫార్మాటు సరిపడలేదు."

కంప్యూటరు నాతో అన్న మాట ఇది. అది అన్నది ఇంగ్లీషులోనే అనుకోండి, నేను తెలుగులో చెబుతున్నాను. ఏ భాషలో అంటేనేం, మొహం మీద తలుపు వేసినట్టుగానే ఉంటుంది. పోనీ ఎందుకు కుదరదో, ఏం చేస్తే కుదురుతుందో చెబుతుందా అంటే అదీ లేదు. కింద 'సరే' అని ఒక మీట మాత్రం చూపిస్తుంది. నొక్కితే మాట మాయమవుతుంది, పాట మాత్రం రాదు. ఏది సరేనో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఆ ఫైలు సినిమా పాట అయ్యుంటే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. అది మా అత్తగారి గొంతు.

టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి ఉన్నాడు. ఎండల మల్లన్న అంటే మా వైపు తెలియనివాళ్ళుండరు. పైకప్పు లేకుండా, ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఆరుబయట నిలిచిన పెద్ద లింగం. రామాయణంలో వైద్యుడు సుషేణుడు అక్కడ తపస్సు చేశాడని, గుడి కట్టబోతే స్వామి వద్దన్నాడని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. కార్తీక సోమవారాల్లో జనం విరగబడతారు. మా అత్తగారు ఏటా ఒక సోమవారం వెళ్ళి, స్వామి ఎదుట నిలబడి తను కట్టుకున్న హారతి పాట పాడేవారు. ఏ పుస్తకంలోనూ లేని పాట. ఆవిడ ఎవరికీ రాసివ్వలేదు, మేమూ రాసుకోలేదు. ఇంట్లో ఉన్న పాటను ఎవరు రాసుకుంటారు చెప్పండి? రోజూ వండే పప్పుచారు కొలతలు ఎవరైనా రాసుకుంటారా?

1987 కార్తీకంలో మావారు టేప్‌రికార్డరు భుజాన వేసుకుని వచ్చి ఆ పాట పట్టారు. 1996లో అత్తగారు వెళ్ళిపోయారు. క్యాసెట్టు మిగిలింది. 2008లో మా ఆడపడుచు కొడుకు, అప్పుడే కొత్తగా సెల్‌ఫోను కొనుక్కున్నాడు, టేప్‌రికార్డరు పక్కన ఆ ఫోను పెట్టి, "అత్తా, కాసేపు మాట్లాడకు" అని నన్ను కసిరి, పాటను ఫోనులోకి ఎక్కించాడు. చిన్నపిల్లాడి సరదా అనుకున్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఎలా నేలకూలాయో మీరు పేపర్లలో చూసే ఉంటారు. మా ఇంటి వెనక గదిలో అటక మీది పెట్టె ఒకటి నాని ముద్దయింది. చెట్లు పోయినవాళ్ళ దుఃఖం ముందు క్యాసెట్ల మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. నెల పోయాక తెరిచి చూస్తే టేపు మీద తెల్లగా బూజు.

అప్పుడుగాని ఆ పిల్లాడి సరదా విలువ తెలిసిరాలేదు. వాడి పాత ఫోనులోని ఫైలు చేతులు మారి మారి నా పెన్‌డ్రైవులోకి వచ్చింది. మొన్న కాశీబుగ్గ నుంచి మా ఆడపడుచు ఫోను చేసి, "వదినా, ఈ కార్తీకంలో నేను రావివలసలో అమ్మ పాట పాడతాను. నాకు మొదటి రెండు చరణాలే గుర్తున్నాయి. మూడోది చెప్పవూ" అంది. నాకు ఒక్కటీ సరిగ్గా గుర్తు లేదు. దానికి మోకాళ్ళ నొప్పులు, వచ్చే ఏడు నడవగలదో లేదో. "దానిదేముంది, కంప్యూటరులో ఉంది, వినిపిస్తాను ఉండు" అన్నాను గొప్పగా. అప్పుడు వచ్చింది పైన చెప్పిన సమాధానం.

నేను ఊరుకున్నానా? ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఏవో మూడక్షరాలున్నాయి. పాటలన్నిటికీ 'ఎంపీ3' అని ఉంటుంది గదా, దీనికి వేరే ఏదో ఉందే, అదే తంటా అనుకుని, ఆ అక్షరాలు చెరిపేసి 'ఎంపీ3' అని రాశాను. పాత అక్షరాలేమిటో కాగితం మీద రాసుకోనైనా లేదు, నా మతి మండా! మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే మాట. హార్లిక్స్ సీసాలో ఆవాలు పోసి పైన 'హార్లిక్స్' అని చీటీ ఉన్నంత మాత్రాన పాలలో కలుపుకుని తాగగలమా? నేను చేసిన పని సరిగ్గా అదే.

ఆ తరువాత వారం రోజులు ఈ 'ఫార్మాటు' అనేదేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. తెలుసుకున్న కొద్దీ నాకు తోచిందేమిటంటే, ఈ గొడవ కంప్యూటరుతో పుట్టింది కాదు. మనిషి చప్పుడును పట్టి దాచిన మొదటి రోజునుంచీ ఉన్నదే.

మా వైపువాళ్ళకు ఫార్మాటు అంటే ఏమిటో చెప్పడానికి నౌపడా స్టేషను చాలు. 1900లో నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు వేశారు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. పక్కనే మద్రాసు, కలకత్తాల మధ్య తిరిగే పెద్ద రైలు. దాని ఎడం అయిదున్నర అడుగులు. రెండూ ఇనుప పట్టాలే, రెండూ బొగ్గు తినేవే, కానీ దీని పెట్టె దాని మీదకు ఎక్కదు. నౌపడాలో సామానంతా దింపి, పిల్లల్ని లెక్కపెట్టుకుని, మళ్ళీ ఎక్కాల్సిందే. 2004లో చిన్న రైలును ఆపేసి, పట్టాలు మార్చి, 2011లో పెద్ద రైలు నడిపారు. ఇప్పుడు దిగనక్కర్లేదు. పాటల కథా అంతే. పెట్టెలో సరుకు మంచిదే, పట్టా ఎడం కలవాలి. కలవకపోతే ఎవరో ఒకరు దింపి వేరే బండిలోకి ఎక్కించాలి. దాన్నే ఇప్పటి పిల్లలు 'కన్వర్టు చెయ్యడం' అంటున్నారు.

ఇక మొదటికి వెళదాం. 1857లో పారిస్‌లో లియోన్ స్కాట్ అనే ఆయన ఒక యంత్రం చేశాడు. దీపపు మసి పట్టించిన కాగితాన్ని గుండ్రటి పీపాకు చుట్టి, దాని మీద సన్నటి ముల్లు ఆనించి, ఎదురుగా మాట్లాడితే ఆ ముల్లు కదిలి మసిలో గీతలు గీస్తుంది. మనం ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టేవాళ్ళం గదా, అలాంటి మసే. ఆయన చప్పుడును రాసుకున్నాడు గాని తిరిగి పలికించాలని అనుకోలేదు. కంటితో చూసి చదువుకోవచ్చునని ఆయన ఆశ. 1860 ఏప్రిల్ 9న ఒక ఫ్రెంచి జానపద గీతం ముక్క ఇలా మసిలో పడింది. కాగితం భద్రంగా మిగిలింది. నూట నలభై ఎనిమిదేళ్ళ తరువాత, 2008లో, అమెరికాలో కొందరు పరిశోధకులు ఆ గీతల్ని ఫొటో తీసి, కంప్యూటరు చేత పలికించారు. ఎవరో చిన్నపిల్లో, పడుచుపిల్లో పాడుతున్నట్టు వినిపించింది. లోకమంతా ఆ 'అమ్మాయి' గొంతు విని మురిసిపోయింది. ఏడాది తిరిగేసరికి లెక్కలో పొరపాటు బయటపడింది. కాగితం మీద కాలం కొలవడానికి స్కాట్ ఒక శ్రుతిదండం గీతను కూడా పక్కనే పట్టాడు. దాని కంపనాలను ఆ కాలపు ఫ్రెంచివాళ్ళు లెక్కపెట్టే పద్ధతి వేరు. అది తెలిసి వేగం సగానికి తగ్గిస్తే, అమ్మాయి కాస్తా నెమ్మదిగా పాడుకుంటున్న మగవాడయ్యాడు. ఆ గొంతు స్కాట్‌దే అంటారు!

చూశారూ, మొట్టమొదటి పాటకే ఫార్మాటు తప్పు వచ్చింది. గీతలన్నీ ఉన్నాయి, వాటిని ఏ వేగంతో చదవాలో తెలియలేదు. ఇప్పటి కంప్యూటరులోనూ ఈ జబ్బుంది. సెకనుకు ఇన్నిసార్లని కొలిచి దాచిన చప్పుడును ఇంకో లెక్కతో చదివితే గొంతు సన్నబడో, ముద్దగానో వస్తుంది. మీ అమ్మగారి పాత పాట వింటుంటే ఆవిడ గొంతు కాదనిపిస్తే, కంగారు పడకండి. తప్పు గొంతులో కాకపోవచ్చు, వేగంలో ఉండవచ్చు.

1877లో ఎడిసన్ తగరపు రేకు చుట్టిన పీపా మీద తన గొంతు పట్టి తిరిగి పలికించాడు. పదేళ్ళకు బెర్లినర్ అనే జర్మనీ మనిషి, అమెరికాలో స్థిరపడ్డవాడు, పీపా వదిలేసి పళ్ళెం చేశాడు. అదే గ్రామఫోను. పీపా యంత్రం మీద పళ్ళెం ఆడదు, పళ్ళెం యంత్రం మీద పీపా ఆడదు. నౌపడా తగాదా అప్పుడే మొదలైందన్నమాట.

మన దేశానికి ఈ పళ్ళెం 1902లో గొంతుకోసం వచ్చింది. ఆ నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన ఒక హోటలు గదిలో యంత్రం బిగించి గౌహర్ జాన్ చేత పాడించాడు. పెద్ద పేరున్న గాయని. నగలూ ఠీవీ చూసి దొరలే కళ్ళప్పగించారట. పాట చివర ఆవిడ ఇంగ్లీషులో, "నా పేరు గౌహర్ జాన్" అని గట్టిగా చెబుతుంది. నేను ఇన్నాళ్ళూ అది గర్వం అనుకునేదాన్ని. కాదట. మైనపు ముద్రలు ఓడలో జర్మనీలోని హానోవరుకు వెళ్ళాలి, అక్కడ పళ్ళేలు అచ్చుపోయాలి. అక్కడివాళ్ళకు హిందుస్తానీ తెలియదు, ఏది ఎవరి పాటో పోల్చుకోలేరు. పాటే తన పేరు తాను చెప్పుకుంటే పళ్ళెం మీద సరైన చీటీ అంటించవచ్చు. అందుకోసం ఆ ఏర్పాటు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఆ పళ్ళేలు లక్కతో చేసేవారు. మన గాజులకు వాడే లక్క, చెట్టు కొమ్మల మీద పురుగులు కట్టేది. చేయి జారితే గాజులాగే భళ్ళున పగిలేవి. పది అంగుళాల పళ్ళెం ఒకవైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. గంటసేపు రాగం తీసే విద్వాంసుడైనా మూడు నిమిషాల్లో ముగించాలి. మన నాటకాల పద్యాలు, హరికథలు కూడా ముక్కలు ముక్కలుగా పళ్ళేల మీదకు ఎక్కాయి. సినిమా పాట ఇప్పటికీ మూడు నాలుగు నిమిషాలే ఉండడానికి ఆ లక్క పళ్ళెమే మూలమంటారు. మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో వేగం. 1920లు గడిచేసరికి నిమిషానికి 78 చుట్లు అని స్థిరపడింది. 1948లో 33 చుట్లకు కాస్త పైన తిరిగే పెద్ద ప్లేటు, 1949లో 45 చుట్ల చిన్న ప్లేటు వచ్చాయి. ఘంటసాలవారి భగవద్గీత మన ఇళ్ళకు వచ్చింది పెద్ద ప్లేటు మీదే. 1974 ఫిబ్రవరి 11న ఆయన వెళ్ళిపోయాక ఆ రికార్డు వెలువడింది. మా పుట్టింట్లో మీట 33కి బదులు 78 మీద పెట్టి, పెద్దవాళ్ళ గొంతులు పిచ్చుకల్లా కిచకిచలాడితే నవ్వి, వీపు విమానం మోత మోగించుకున్న పిల్లల్లో నేనూ ఉన్నాను.

గొంతులు పట్టడమంటే పాటలే కాదు. గ్రియర్సన్ దొరగారి భాషల సర్వేలో భాగంగా 1910లలోనూ 1920లలోనూ ఈ దేశపు భాషల్ని ప్లేట్ల మీద పట్టారు. మద్రాసు రాష్ట్రపు భాషలు, మన తెలుగు, అందులో ఉన్నాయి. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథను ఒక్కో భాషలో చెప్పించారు. ఆ చెప్పినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. వాళ్ళ మాట మాత్రం షికాగో విశ్వవిద్యాలయంవారు కంప్యూటరులోకి ఎక్కించబట్టి ఇంట్లో కూర్చుని వినవచ్చు. లక్క పళ్ళెం నుంచి అంకెలలోకి, నౌపడాలో బండి మారినట్టు మారి, నూరేళ్ళు ప్రయాణం చేసిందన్నమాట.

ఇక్కడ గిడుగు రామమూర్తిగారు గుర్తొస్తే నా తప్పు కాదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో మాస్టారై, కొండల్లో సవరల మాట విని, ఆ భాషకు వ్యాకరణం రాసిన మహానుభావుడు. 1931లో అది అచ్చయింది. ఆయన దగ్గర యంత్రం లేదు, చెవే యంత్రం. ఆ కొండ చలిజ్వరానికి మింగిన క్వినైను వల్ల చివరికి చెవి దెబ్బతింది. ఇతరుల చప్పుడును అక్షరాలుగా దాచిన మనిషికి తన చెవి దక్కలేదు. మూడో చరణం రాసుకోని నాకు ఆ మాట తలచుకున్నప్పుడల్లా సిగ్గేస్తుంది. నాకు చెవి ఉంది, చేతిలో పెన్సిలు ఉంది, వంటింటి గోడకు క్యాలెండరూ ఉంది. ఏం లాభం?

సరే, క్యాసెట్టు. 1963లో ఫిలిప్స్‌వాళ్ళు తెచ్చారు. నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని నాడా మీద తుప్పులాంటి ఇనుప పొడి పూసి, దాన్ని అయస్కాంతం ముందు నడిపితే చప్పుడు అందులో నిలుస్తుంది. మన ఇళ్ళలో అది 1980లలో నిండింది. గ్రామఫోను ప్లేటు వినడానికే. క్యాసెట్టు మనమూ పట్టుకోవచ్చు. అదీ దాని గొప్ప. అప్పటిదాకా గొంతు పట్టించుకోవడం గౌహర్ జాన్ వంటివాళ్ళకే. క్యాసెట్టు వచ్చాక మన అత్తగార్ల మంగళహారతులు, మామ్మల లాలిపాటలు, పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళ పాటలు కూడా పట్టుబడ్డాయి. వాటి మీదే తరువాత సినిమా పాటలు పట్టి చెరిపేసుకున్నదీ మనమే, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

1982లో కాంపాక్టు డిస్కు వచ్చింది. అక్కడి నుంచి గీతలు పోయి అంకెలు వచ్చాయి. సెకనులో 44,100 సార్లు చప్పుడును కొలిచి ఆ కొలతల్ని రాసుకోవడం. బాగుంటుంది గాని చోటు చాలా తింటుంది. నిమిషం పాటకు పది ఎంబీ. అందుకని జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థవాళ్ళు ఒక ఉపాయం చేశారు. మిక్సీ తిరుగుతుంటే పక్కగదిలో గుసగుసలు మనకు వినిపించవు గదా! పెద్ద చప్పుడు మాటున వినిపించని చిన్న చప్పుడును దాచడం దేనికని తీసేశారు. పాట పదోవంతుకు కుదించుకుపోయింది. దానికి 1995 జులైలో 'ఎంపీ3' అని తోక పేరు పెట్టుకున్నారు. నేను మా అత్తగారికి అంటించిన చీటీ అదే.

మరి ఆ ఫైలు అసలు పేరేమిటి? దాన్ని మా పక్కింటి కుర్రాడు బయటపెట్టాడు. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. "మామ్మగారూ, ఏటయినాది?" అంటూ వచ్చి, ముందు ఫైలుకు ఇంకో నకలు తీశాడు. "ఏది సేసినా నకలు మీద సెయ్యాల, అసలుది ముట్టుకోకూడదు" అన్నాడు. నాకు చెంపదెబ్బలా తగిలింది. తరువాత సైజు చూశాడు. నాలుగువందల కేబీ పైచిలుకు. సున్నా ఉంటే లోపలేమీ లేనట్టే, ఏడ్చినా లాభం లేదట. ఉంది కాబట్టి ఆశ ఉంది. కానీ దాదాపు అయిదు నిమిషాల పాట ఎంపీ3 అయితే నాలుగైదు ఎంబీ ఉండాలి. ఇది అందులో పదోవంతు. "ఇది ఎంపీ3 కాదు మామ్మగారూ" అన్నాడు తల అడ్డంగా ఊపుతూ.

ఆ తరువాత వాడు చేసిన పని చూసి నేను ముక్కున వేలేసుకున్నాను. ఆ ఫైలును పాటల పెట్టెలో కాక, ఉత్తరాలు రాసుకునే నోట్‌ప్యాడులో తెరిచాడు. తెర నిండా అర్థంపర్థం లేని గుర్తులు, చీమలు పాకినట్టు. కానీ మొట్టమొదట, స్పష్టంగా, ఇంగ్లీషులో మూడక్షరాలు: ఏ, ఎం, ఆర్.

"అదుగో, పేరు సెప్పేసింది" అన్నాడు.

ప్రతి రకం ఫైలూ చాలావరకు అలా మొదట్లోనే తన జాతి చెప్పుకుంటుందట. చీటీ మార్చినా లోపలి మాట మారదు. హానోవరులో పళ్ళెం ముందు కూర్చున్న జర్మనీవాడికి గౌహర్ జాన్ చెప్పినట్టే!

ఏఎంఆర్ అంటే సెల్‌ఫోనులో మాటలు పంపడానికి 1999లో ఒప్పుకున్న పద్ధతి. 2008 నాటి చిన్న ఫోన్లు గొంతు పట్టేది చాలావరకు అందులోనే. సెకనుకు 8,000 కొలతలే. అది చప్పుడును చప్పుడుగా దాచదు. మనిషి గొంతు ఎలా పనిచేస్తుందో ఒక నమూనా పెట్టుకుని, ఆ నమూనాకు కావలసిన వివరాలు మాత్రం రాసుకుంటుంది. అందుకే అంత చిన్నది. మాటకు బాగుంటుంది. తాళాలకు, గంటలకు దానికి చెవి లేదు. నా కంప్యూటరుతో వచ్చిన పాటల పెట్టెకు ఈ పద్ధతి తెలియదు, చీటీ చూసి ఎంపీ3 అనుకుని చదవబోయి తెల్లమొహం వేసింది. తప్పు దానిది సగం, నాది సగం.

కుర్రాడు చీటీ మళ్ళీ ఏఎంఆర్ అని మార్చి, వీఎల్‌సీ అనే పెట్టెలో తెరిచాడు. అదీ ఫ్రాన్సు పిల్లలు, కాలేజీలో చదువుకుంటూ తయారుచేసి, 2001లో అందరికీ ఉచితంగా వదిలిపెట్టినది. స్కాట్‌గారి దేశం వాళ్ళే. రకరకాల పద్ధతుల్ని చదివే నేర్పు దానికుంది.

ముందు గాలి హోరు. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. గంట మోగింది, నీళ్ళలో మునిగి మోగినట్టుగా, ఏదో వింతగా. ఆ పైన మా అత్తగారు.

నేను లేచి స్టవ్ ఆర్పి వచ్చాను. స్టవ్ మీద ఏమీ లేదు.

మూడో చరణం ఉంది. ఆ చరణంలో ఆవిడ స్వామిని తన కోసం ఏమీ అడగలేదు. ఎండలో నిలబడ్డావు, దాహమైతే మా ఇంటికి రమ్మంది. ఇన్నేళ్ళూ ఏటా ఆ పక్కనే నిలబడి విన్నాను గదా, ఆ మాట నాకెందుకు గుర్తు లేదో! బహుశా ఆ సమయానికి పిల్లాడు జనంలో ఎటు పోయాడోనని వెతుక్కుంటూ ఉండి ఉంటాను.

కాగితం తీసి రాసుకున్నాను, ఈసారి. కుర్రాడు దాన్ని వేవ్ అనే పద్ధతిలోకి మార్చి ఇచ్చాడు. "ఇప్పుడు గంట బాగా వినిపిస్తుందా?" అని అడిగాను ఆశగా. "లేదు మామ్మగారూ. ఒకసారి పోయినది మారిస్తే తిరిగి రాదు. ఇంకా పోకుండా ఉంటాది, అంతే" అన్నాడు. పొడుము చేసిన కాఫీ మళ్ళీ గింజ కాదు. పెద్ద డబ్బాలో పోసినంత మాత్రాన పెరగదు కూడాను. అందుకే అసలు ఏఎంఆర్ ఫైలునూ అలాగే ఉంచాను. ఒక నకలు ఆడపడుచుకు, ఒకటి మేనల్లుడికి పంపాను. ఒక్కచోటే ఉంటే ఇంకో తిత్లీ రాదని ఏముంది?

మీ ఇంట్లోనూ ఇలాంటి మూగ ఫైలు ఒకటి ఉండే ఉంటుంది. చెరిపేయకండి. పేరు మార్చకండి. ముందు నకలు తీయండి, బరువు చూడండి, నోట్‌ప్యాడులో తెరిచి మొదటి అక్షరాలు చదవండి. చీటీ అబద్ధం చెప్పవచ్చు గాని, మొదటి మాట చాలావరకు నిజమే చెబుతుంది. నోట్‌ప్యాడులో ఏమీ రాయకుండా, భద్రపరచకుండా మూసేయడం మాత్రం మరిచిపోకండి. అక్కడ ఒక్క అక్షరం చేర్చినా పాట పాడైపోతుంది.

ఇంకొక్క మాట. పాట అయిపోయాక ఆ ఫైలులో మరో పది సెకన్లున్నాయి. అందులో మావారి గొంతు, కుర్రగొంతు, "అమ్మా, పేరు కూడా చెప్పు. రికార్డులో ఉండాలి" అంటుంది. ఆవిడ నవ్వి, "నా పేరేటికిరా నాయనా! మల్లన్న పేరు చెప్పేంగా, చాలు" అంటారు. టక్కున మీట నొక్కిన చప్పుడు. అంతే.

ఇంతకాలం ఆ ఫైలు పేరు ఏదో తేదీ, ఏవో అంకెలు. ఎంపీ3 అని అబద్ధం చీటీ అంటించిన చేత్తోనే నిన్న రాత్రి కూర్చుని దానికి మా అత్తగారి పేరు పెట్టాను. పుట్టింటివాళ్ళు పెట్టిన పూర్తి పేరు, ఆ వెనక రావివలస, ఆ వెనక 1987. చివరి మూడక్షరాల జోలికి మాత్రం పోలేదు. మావారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఈ పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా చూడలేదే" అన్నారు.

సోమవారం నాడు రావివలస వెళుతున్నాం. ఆడపడుచు అప్పుడే ఫోనులో మూడో చరణం సాధన మొదలుపెట్టింది.